కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైనట్టేనా?

మే నెల సెలవుల్లో సూరత్ వెళ్లాను. వరంగల్ నుంచి బట్టల వ్యాపారం కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన మా పెద్దమ్మ కొడుకు ఇల్లు అడాజన్‌లో ఉంది. తపతీ నదికి పడమటి ఒడ్డున, సర్దార్ వంతెన దాటగానే వచ్చే ప్రాంతం అది. ఇంటి వెనక చిన్న ఈతకొలను కట్టించుకున్నారు. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున ఒకటింపావు మీటర్ల లోతు. అంటే 40 ఘనపు మీటర్లు, 40 వేల లీటర్ల నీళ్లు. జనవరిలో ఉత్తరాయణ్ గాలిపటాల సందడి ముగిశాక నింపిన నీళ్లే మే దాకా ఉన్నాయి.

నేను వెళ్లిన సాయంత్రం పిల్లలిద్దరూ నీళ్లలోంచి ఎర్రటి కళ్లతో బయటికొచ్చారు. కొలను దగ్గరికి వెళ్లగానే ఘాటు వాసన ముక్కుకు తగిలింది. "క్లోరిన్ ఎక్కువైంది రా తమ్మీ, ఓ వారం ఏసుడు బంద్ జేస్త" అన్నాడు అన్న. వదిన కూడా అదే మంచిదంది. కళ్ల మంట, ఘాటు వాసన చూసి ఎవరైనా ఆ నిర్ణయమే తీసుకుంటారు.

కానీ అది సరిగ్గా తలకిందులైన నిర్ణయం. ఆ కొలనులో ఉన్న ఇబ్బంది పనిచేసే క్లోరిన్ ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం. వారం రోజులు ఆపి ఉంటే మే నెల వేడిలో పిల్లలు క్రిమిసంహారకం లేని గోరువెచ్చని నీళ్లలో ఈదేవారు. అది ఎలా తెలిసిందో, ఇంట్లో కొలను ఉన్నవాళ్లు ఏ అంకెలు చూసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. అపార్ట్‌మెంట్ కొలనుకూ, క్లబ్బు కొలనుకూ ఇదే వర్తిస్తుంది.

నీళ్లలో క్లోరిన్ ఏమవుతుంది?

క్లోరిన్ వాయువును 1774లో స్వీడన్‌కు చెందిన కార్ల్ విల్‌హెల్మ్ షీలే తయారు చేశాడు. అది మూలకమని 1810లో హంఫ్రీ డేవీ తేల్చి పేరు పెట్టాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరంతటికీ వెళ్లే తాగునీటిలో క్రమం తప్పకుండా క్లోరిన్ కలపడం మొదలైంది. టైఫాయిడ్ వంటి జబ్బులను అదుపు చేయడంలో ఆ పద్ధతి పాత్ర చాలా పెద్దది. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి. లీటరుకు ఒక మిల్లీగ్రామునే ఒక పీపీఎం అంటాం. అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం.

కొలనులో మనం బ్లీచింగ్ పౌడర్ వేసినా, ద్రవ రూపంలోని సోడియం హైపోక్లోరైట్ పోసినా, తెల్లటి బిళ్లలు వేసినా, ఉప్పు నుంచి క్లోరిన్ తీసే యంత్రం పెట్టినా నీళ్లలో చివరికి తయారయ్యేది ఒకటే. దాని పేరు హైపోక్లోరస్ ఆమ్లం. సూక్ష్మజీవులను చంపే అసలు పనివాడు ఇదే. ఇందులో కొంత భాగం హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసి హైపోక్లోరైట్ అయాన్‌గా మారుతుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకదాని నుంచి మరొకటి అవుతూ సమతాస్థితిలో ఉంటాయి. రెండూ కలిపితే వచ్చేదే "ఫ్రీ క్లోరిన్".

రెండింటి బలం మాత్రం ఒకటి కాదు. బ్యాక్టీరియా కణం ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. హైపోక్లోరైట్ అయాన్‌ది కూడా రుణావేశమే కాబట్టి వికర్షణ వల్ల లోపలికి సులభంగా చొరబడలేదు. హైపోక్లోరస్ ఆమ్లం అణువుకు ఆవేశం లేదు. అది కణ త్వచాన్ని దాటి లోపలి ప్రోటీన్లను, ఎంజైములను దెబ్బతీస్తుంది. అందుకే క్రిమిసంహారక శక్తిలో ఇది అయాన్ కంటే పదుల రెట్లు బలమైనది.

ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్. నీటి పీహెచ్ 7.5 దగ్గర ఉంటే రెండూ సగం సగం ఉంటాయి. పీహెచ్ 7.2కు తగ్గితే మూడింట రెండు వంతులు హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. 8కి పెరిగితే నాలుగో వంతే మిగులుతుంది. 8.5 అయితే పదో వంతుకు పడిపోతుంది. క్లోరిన్ అంకె మారకుండానే దాని పనితనం ఇలా మారిపోతుంది.

వాసన ఎక్కడిది?

ఇక ఘాటు వాసన సంగతి. తగినంత క్లోరిన్ ఉన్న శుభ్రమైన కొలను దగ్గర పెద్దగా వాసన రాదు. మనం "క్లోరిన్ వాసన" అనుకునేది క్లోరమీన్లది. చెమటలో, మూత్రంలో యూరియా, అమ్మోనియా ఉంటాయి. వీటిలోని నైట్రోజన్‌తో క్లోరిన్ కలిసి మోనోక్లోరమీన్, డైక్లోరమీన్, ట్రైక్లోరమీన్ అనే పదార్థాలు ఏర్పడతాయి. ట్రైక్లోరమీన్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, గాలిలోకి వస్తుంది. కళ్లు ఎర్రబడటానికి, గొంతు గరగరకు, ఉబ్బసం ఉన్నవారికి దగ్గు రావడానికి ఇదే ముఖ్య కారణం. నీళ్లు ఆమ్లగుణం వైపు మొగ్గితే ఇది ఇంకా ఎక్కువగా తయారవుతుంది.

నైట్రోజన్‌తో కట్టుబడిపోయిన ఈ క్లోరిన్‌ను "బంధిత క్లోరిన్" అందాం. ఇది క్రిములను చంపడంలో చాలా నెమ్మది. కొలనులో మొత్తం క్లోరిన్ అంటే ఫ్రీ క్లోరిన్, బంధిత క్లోరిన్ కలిపి. మొత్తం నుంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే బంధిత క్లోరిన్ వస్తుంది. అది 0.4 పీపీఎం దాటకూడదన్నది సాధారణ నియమం.

పరీక్షలోనే మొదటి పొరపాటు

అన్న దగ్గర ఒక పరీక్ష కిట్ ఉంది. గొట్టంలో నీళ్లు తీసుకుని నాలుగు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ముదిరితే క్లోరిన్ ఎక్కువన్నమాట. మన దగ్గర చౌకగా దొరికే ఈ కిట్లలో ఆర్థోటాలిడిన్ అనే రసాయనం ఉంటుంది. చిక్కేమిటంటే ఈ పసుపు రంగు మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది. అందులో పనికొచ్చేది ఎంత, కట్టుబడిపోయింది ఎంత అన్నది చెప్పదు.

డీపీడీ అనే మరో రకం కిట్ ఉంది. ఇందులో మొదటి బిళ్లకు వచ్చే గులాబీ రంగు ఫ్రీ క్లోరిన్‌ను చూపిస్తుంది. ఆ తర్వాతి బిళ్ల కూడా వేస్తే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. మేం డీపీడీ కిట్ తెప్పించి చూస్తే ఫ్రీ క్లోరిన్ 1 పీపీఎం, మొత్తం క్లోరిన్ 2.2 పీపీఎం వచ్చాయి. అంటే సగానికి పైగా, 1.2 పీపీఎం, క్లోరమీన్లే. వాసన గుట్టు అక్కడే తెలిసిపోయింది. పీహెచ్ 6.8 ఉంది. మన కన్నీటి పీహెచ్ సుమారు 7.4. దానికంటే ఇంత ఆమ్లగుణం ఉన్న నీళ్లు తగిలితే క్లోరమీన్లు లేకపోయినా కళ్లు కొంత మండుతాయి.

డీపీడీ కిట్‌తోనూ ఒక జాగ్రత్త అవసరం. క్లోరిన్ 10 పీపీఎం దాటి బాగా ఎక్కువగా ఉంటే అది గులాబీ రంగును కూడా తెల్లబరుస్తుంది. గొట్టంలో రంగే కనిపించదు. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోస్తే ప్రమాదం. బిళ్ల వేయగానే క్షణకాలం గులాబీ మెరిసి మాయమైతే అనుమానించాలి. ఆ నీటిలో అంతే పరిమాణంలో క్లోరిన్ లేని నీళ్లు కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చిన అంకెను రెండింతలు చేసుకోవాలి. కొలను అంచు నీళ్లు కాకుండా మోచేతి లోతు నుంచి నీళ్లు తీసుకోవాలి.

సూర్యుడు తినేసే క్లోరిన్

ఫ్రీ క్లోరిన్ 1 పీపీఎం ఉందిగా, చాలదా అని అన్న అడిగాడు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు (సీడీసీ) కూడా కొలనుల్లో కనీసం 1 పీపీఎం ఉండాలనే చెబుతాయి. ఆ సలహాలోనే ఇంకో మాట ఉంది. సయన్యూరిక్ ఆమ్లం వాడే కొలనుల్లో కనీసం 2 పీపీఎం ఉండాలి. ఈ ఆమ్లం సంగతి తెలియాలంటే ముందు ఎండ సంగతి చూడాలి.

హైపోక్లోరైట్ అయాన్ 292 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది. భూమిని చేరే సూర్యకాంతిలో ఆ ప్రాంతపు కిరణాలు కొద్దిగా ఉంటాయి. ఒక్కో ఫోటాన్‌ను పీల్చుకున్నప్పుడు అణువు విడిపోయి, క్రిములను చంపే గుణం లేని క్లోరైడ్ మిగులుతుంది. రక్షణ లేని కొలనులో నడినెత్తి ఎండకు రెండు మూడు గంటల్లో క్లోరిన్‌లో చాలా భాగం పోతుంది. ఉదయం 3 పీపీఎం ఉన్నా, మధ్యాహ్న భోజనం అయ్యాక చూస్తే దాదాపు ఖాళీ.

దీన్ని ఆపడానికే సయన్యూరిక్ ఆమ్లం. ఇది క్లోరిన్‌ను వదులుగా పట్టుకుని ఎండ నుంచి కాపాడుతుంది. హైపోక్లోరస్ ఆమ్లం ఖర్చయ్యే కొద్దీ తన దగ్గరున్న దాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. దీన్ని క్లోరిన్‌కు బ్యాంకు ఖాతా అనుకోవచ్చు. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మన ఎండలకు చక్కగా సరిపోతుంది.

అయితే ఖాతాలో ఉన్నది చేతిలో ఉన్నట్టు కాదు. సయన్యూరిక్ ఆమ్లం ఉన్న నీళ్లలో ఫ్రీ క్లోరిన్‌లో 90 శాతానికి పైగా దానికే అంటుకుని ఉంటుంది. పరీక్ష కిట్ ఆ మొత్తాన్ని ఫ్రీ క్లోరిన్‌గానే చూపిస్తుంది. కానీ ఆ క్షణాన క్రిములను చంపేది మిగిలిన కొద్ది శాతమే. ఇలాంటి కొలనులో పీహెచ్ కాస్త పెరిగినా క్లోరిన్ బలం ముందు చెప్పినంత వేగంగా పడిపోదు. కొత్త హైపోక్లోరస్ ఆమ్లం ఖాతా నుంచి వస్తూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ అసలు చూడాల్సింది క్లోరిన్‌కు, సయన్యూరిక్ ఆమ్లానికి మధ్య నిష్పత్తి. ఫ్రీ క్లోరిన్ ఆ ఆమ్లంలో కనీసం ఇరవయ్యో వంతు ఉండాలన్నది ఈ రంగంలో వాడే లెక్క. 40 పీపీఎం ఆమ్లం ఉంటే కనీసం 2 పీపీఎం క్లోరిన్ కావాలి. నాచు పట్టకుండా ఉండాలంటే 3 ఉంచడం మేలు.

తెల్ల బిళ్లల లెక్క

సయన్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షించే పద్ధతి సరదాగా ఉంటుంది. కొలను నీటిలో మెలమిన్ ద్రావణం కలిపితే నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ నీళ్లను అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంలో పోస్తూ, చుక్క కనిపించకుండా పోయిన మట్టం దగ్గర అంకె చదవాలి. ఈ కిట్‌లో 100 దాటిన అంకెలు సరిగా తెలియవు. మా గొట్టంలో చుక్క మొదట్లోనే మాయమైంది. కొలను నీటికి సమానంగా కుళాయి నీళ్లు కలిపి మళ్లీ చూస్తే 60 వచ్చింది. అంటే అసలు విలువ 120.

ఇరవయ్యో వంతు లెక్కన ఆ కొలనుకు కనీసం 6 పీపీఎం ఫ్రీ క్లోరిన్ కావాలి. ఉన్నది 1. కిట్ ప్రకారం క్లోరిన్ ఉంది, పనిలో లేదు.

ఎవరూ ప్రత్యేకంగా సయన్యూరిక్ ఆమ్లం కొని వేయలేదు. మరి 120 ఎక్కడి నుంచి వచ్చింది? రోజూ వేసే తెల్ల బిళ్లల నుంచి. డబ్బా మీద "టీసీసీఏ 90" అని రాసి ఉంటుంది. పూర్తి పేరు ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆమ్లం. పేరులోనే సయన్యూరిక్ ఉంది. దాని అణువులో మూడు క్లోరిన్ పరమాణువులు ఒక సయన్యూరిక్ వలయానికి తగిలించి ఉంటాయి. నీళ్లలో క్లోరిన్ ఖర్చయిపోతుంది, వలయం మిగిలిపోతుంది. ఎండకు పోదు, ఆవిరి కాదు. నీళ్లు మార్చితే తప్ప చెప్పుకోదగ్గంతగా తగ్గదు.

అణుభారాలతో లెక్క వేస్తే ఈ బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ చేర్చిన ప్రతిసారీ సుమారు 6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం కూడా చేరుతుంది. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ ఖర్చయ్యే కొలనులో రోజుకు 1.2 పీపీఎం ఆమ్లం పోగవుతుంది. నెలకు 36. వంద రోజులకు 120. ఉత్తరాయణ్ తర్వాత నింపిన నీళ్లు మే నాటికి సరిగ్గా అక్కడికే చేరాయి. పైగా ఈ బిళ్లలు ఆమ్లగుణం కలవి. పీహెచ్‌ను, క్షారతను మెల్లమెల్లగా కిందికి లాగుతాయి. 6.8 అందుకే వచ్చింది.

బిళ్లలు చెడ్డవని కాదు. నీళ్లు కొత్తగా నింపినప్పుడు సయన్యూరిక్ ఆమ్లం 30, 40కి చేరేదాకా అవి సౌకర్యమే. ఆ తర్వాత ద్రవ హైపోక్లోరైట్‌కు మారాలి.

ఎంత పోయాలి?

దీనికి గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. వెయ్యి లీటర్ల నీటిలో ఒక గ్రాము క్లోరిన్ వేస్తే ఒక పీపీఎం పెరుగుతుంది. 40 వేల లీటర్ల కొలనుకు ఒక పీపీఎం అంటే 40 గ్రాముల క్లోరిన్. అది 10 శాతం హైపోక్లోరైట్ ద్రావణంలో సుమారు 400 మిల్లీలీటర్లలో ఉంటుంది. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 62 గ్రాములు, 30 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే 130 గ్రాములకు పైగా, టీసీసీఏ 90 అయితే 44 గ్రాములు. బ్లీచింగ్ పౌడర్ చౌక. కానీ అందులో కరగని సున్నం అడుగున పేరుకుని నీళ్లు మసకబారతాయి. కాల్షియం హైపోక్లోరైట్ నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. బోరు నీళ్లతో నింపే కొలనుల్లో ముందే కఠినత్వం ఎక్కువ ఉంటే టైల్స్ మీద తెల్లటి గార కడుతుంది. కఠినత్వం 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉంటే సిమెంటుకూ, టైల్స్‌కూ మంచిది.

ద్రవ హైపోక్లోరైట్‌కు ఉన్న లోపం, నిల్వ ఉంచితే బలం తగ్గుతుంది. వేడి, వెలుతురు తగిలితే ఇంకా వేగంగా తగ్గుతుంది. ఎండలో పెట్టిన క్యాన్ మీద 10 శాతం అని రాసి ఉన్నా లోపల అంత ఉండకపోవచ్చు. నీడలో ఉంచి, కొద్దికొద్దిగా కొనుక్కోవాలి. సూర్యాస్తమయం తర్వాత పోయడం ఉత్తమం. మోటారు నడుస్తుండగా, నీళ్లు తిరిగి కొలనులోకి వచ్చే చోట నెమ్మదిగా పోయాలి. రాత్రంతా ఎండ బాధ లేకుండా క్లోరిన్ తన పని చేసుకుంటుంది.

ఆ కొలనును ఎలా దారికి తెచ్చాం?

మేం మొదట చేసింది నీళ్లు మార్చడం. మూడో వంతు తీసి కొత్త నీళ్లు నింపితే సయన్యూరిక్ ఆమ్లం 120 నుంచి 80కి, మళ్లీ అదే చేస్తే 53కి వస్తుంది. అలా రెండు విడతల్లో చేశాం. ఒకేసారి ఖాళీ చేస్తే నీళ్లు ఆదా అవుతాయి కదా అని అన్న అడిగాడు. నిజమే, కానీ నేలలో కట్టిన కొలనును పూర్తిగా ఖాళీ చేయడం ప్రమాదం. చుట్టూ నేలలో నీటిమట్టం పైకి ఉంటే ఖాళీ కొలను పడవలా తేలడానికి ప్రయత్నిస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రమే. అడుగు పగలొచ్చు, కొలనే పైకి లేవొచ్చు. నది పక్కనున్న అడాజన్ లాంటి చోట వానాకాలంలో ఈ పని అసలు పెట్టుకోకూడదు. తీసేసే నీళ్లలో క్లోరిన్ సున్నాకు పడిపోయేదాకా ఆగి, అప్పుడే మురుగు కాలువలోకి వదలాలి. క్లోరిన్ ఉన్న నీళ్లు వాన నీటి కాలువ ద్వారా నదిలోకి చేరితే చేపలకు హాని.

తర్వాత క్షారత. పీహెచ్ ఊరికే ఊగిసలాడకుండా పట్టి ఉంచేది ఇదే. 80 నుంచి 120 పీపీఎం ఉండాలి. తక్కువైతే వంటసోడా వేయాలి. వెయ్యి లీటర్లకు 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. 40 వేల లీటర్లకు సుమారు 670 గ్రాములు. క్షారత సరిపడాక పీహెచ్ కూడా 7.3 దగ్గర నిలిచింది.

మూడోది క్లోరమీన్లను తొలగించడం. ఇందుకు క్లోరిన్ తగ్గించడం కాదు, పెంచాలి. తగినంత క్లోరిన్ దొరికినప్పుడు క్లోరమీన్లలోని నైట్రోజన్ వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. సమీకరణం ప్రకారం ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 7.6 గ్రాముల క్లోరిన్ కావాలి. కొంచెం తక్కువ వేస్తే ఇంకా ఘాటైన క్లోరమీన్లే తయారవుతాయి. అందుకే భయపడుతూ కొద్దికొద్దిగా వేస్తే వాసన పోదు. చీకటి పడ్డాక ఫ్రీ క్లోరిన్‌ను 10 పీపీఎం దాకా తీసుకెళ్లాం. సుమారు మూడున్నర లీటర్ల ద్రవం పట్టింది. మోటారు రాత్రంతా నడిచింది. ఫ్రీ క్లోరిన్ 4 పీపీఎంకు దిగేదాకా పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత బంధిత క్లోరిన్ 0.2కు పడిపోయింది. వాసన లేదు. మూడు రోజుల తర్వాత ఆ పిల్లలే గంటసేపు ఈది, తెల్లటి కళ్లతో బయటికొచ్చారు. అప్పుడు నీళ్లలో ఉన్న ఫ్రీ క్లోరిన్ మొదటి రోజు కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ.

ఎందుకింత పట్టింపు?

సీడీసీ అంచనాల ప్రకారం పీహెచ్ 7.5, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, సయన్యూరిక్ ఆమ్లం లేని నీటిలో 1 పీపీఎం క్లోరిన్ ఉంటే విరేచనాలు కలిగించే ఒక రకం ఈ.కోలి ఒక నిమిషం లోపే చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కు 16 నిమిషాలు, జియార్డియాకు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం గట్టి పెంకు వల్ల పది రోజులకు పైగా బతుకుతుంది. అందుకే విరేచనాలతో ఉన్న పిల్లలను, తగ్గిన కొన్నాళ్ల వరకు కూడా, కొలనులోకి దింపకూడదు. సయన్యూరిక్ ఆమ్లం పెరిగితే ఈ సమయాలన్నీ పెరుగుతాయి.

ఇంకో జీవి నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా. వెచ్చని మంచినీళ్లంటే దీనికి ఇష్టం. నీళ్లు తాగితే ఏమీ కాదు. ముక్కు ద్వారా పైకి వెళ్తే మెదడుకు చేరి, ఎక్కువ మంది ప్రాణాలు తీస్తుంది. 2024, 2025లలో కేరళలో ఈ తరహా అమీబా మెదడువాపు కేసులు, మరణాలు దేశాన్ని కలవరపెట్టాయి. ఇది అరుదైన జబ్బే. కానీ క్లోరిన్ సరిగా ఉన్న కొలనులో ఈ అమీబా బతకలేదు. వేసవిలో వాసన వస్తోందని క్లోరిన్ ఆపేయడం ఎందుకు తప్పో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కలపకూడనివి

క్లోరిన్ వాయువును 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర యుద్ధరంగంలో ఆయుధంగా వాడారు. ఆ వాయువును మన ఇంటి సామాన్ల గదిలో కూడా తయారు చేసుకోగలం. హైపోక్లోరైట్‌లో యాసిడ్ పడితే చాలు. పీహెచ్ తగ్గించడానికి వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, క్లోరిన్‌ను ఒకే బకెట్‌లో, ఒకే మగ్గుతో ఎప్పుడూ వాడకూడదు. ఒకటి పోశాక కనీసం అరగంట ఆగి రెండోది పోయాలి. టీసీసీఏ బిళ్లలను, కాల్షియం హైపోక్లోరైట్ పొడిని కలిపితే మంటలు లేవొచ్చు, పేలవచ్చు. ఒక దానికి వాడిన డబ్బాలో రెండోది పోయకూడదు. పొడిని నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. తాళం వేసిన, గాలి ఆడే గదిలో పిల్లలకు అందకుండా ఉంచాలి.

రోజువారీ పద్ధతి

మేం గోడకు అంటించి వచ్చిన కాగితంలో ఉన్నవి ఇవి.

రోజూ ఈతకు ముందు ఫ్రీ క్లోరిన్, పీహెచ్ చూడాలి. సయన్యూరిక్ ఆమ్లం 30 నుంచి 50 ఉన్న కొలనులో ఫ్రీ క్లోరిన్ 3 నుంచి 4 పీపీఎం మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. 2 కంటే తగ్గితే ఆ రోజు ఈత లేదు.

వారానికోసారి మొత్తం క్లోరిన్, క్షారత చూడాలి. బంధిత క్లోరిన్ 0.4 దాటితే రాత్రి పూట క్లోరిన్ బాగా పెంచాలి.

నెలకోసారి సయన్యూరిక్ ఆమ్లం, కఠినత్వం చూడాలి. బిళ్లలు వాడుతుంటే పదిహేను రోజులకోసారి.

అనుమానం వస్తే రాత్రి పరీక్ష చేయాలి. చీకటి పడ్డాక ఒకసారి, సూర్యోదయానికి ముందు ఒకసారి ఫ్రీ క్లోరిన్ కొలవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి తేడా ఒక పీపీఎం దాటితే క్లోరిన్‌ను తింటున్నది నాచో, మలినాలో అని తేలుతుంది. రాత్రి నిలబడి పగలు పోతుంటే అది సూర్యుడి పని.

ఈతకు ముందు సబ్బుతో స్నానం, పిల్లలు గంటకోసారి మూత్రానికి వెళ్లి రావడం. క్లోరమీన్లకు ముడిసరుకు అక్కడే ఆగిపోతుంది.

కొలను అడుగు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే అంకెలు ఎలా ఉన్నా దిగకూడదు.

ముక్కు, కళ్లు మంచి హెచ్చరికలే. ఏదో తేడా ఉందని అవి చెప్పగలవు. ఆ తేడా ఏ వైపు ఉందో మాత్రం చెప్పలేవు. ఫ్రీ క్లోరిన్, పీహెచ్, సయన్యూరిక్ ఆమ్లం అనే మూడు అంకెలు కలిపి చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. మొన్న అన్న ఫోన్ చేశాడు. వానలు మొదలయ్యాయట. వాన నీళ్లు కలిసి సయన్యూరిక్ ఆమ్లం 40కి దిగిందని, రోజూ సాయంత్రం పిల్లలే గొట్టంలో బిళ్ల వేసి గులాబీ రంగు చూసి అంకె రాస్తున్నారని చెప్పాడు.